గోరంత పెన్‌డ్రైవ్, కొండంత లెక్కలు

బరువు 3 గ్రాములు. పొడవు 24 మిల్లీమీటర్లు. కడుపులో 256 గిగాబైట్లు! శాంసంగ్ ఫిట్ ప్లస్ అనే ఈ పొట్టి పెన్‌డ్రైవ్‌ను కారు స్టీరియోకు గుచ్చితే బయటికి కనిపించేది గోరంతే. రాయచోటి నుంచి కువైట్ దాకా మన సీమవాళ్ల పెండ్లి వీడియోలు, పాటలు, పొలం కాగితాల స్కాన్‌లు, పిల్లల ఫొటోలు మోసుకు తిరిగేది ఇట్లాంటి బుడతలే. మోతలో దీన్ని మించిన వీరుడు లేడు. ఆయుష్షులో మాత్రం ఓడిపోతుంది. అదీ మన పక్క ఊళ్ల బండరాళ్ల చేతిలో, రాగిరేకుల చేతిలో! ఒక్కో రికార్డూ చూద్దాం.

మోతలో మొనగాళ్లు

అతి బరువైన తాత: ఐబీఎం 350. పుట్టింది 1956లో. 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదానిపై ఒకటి గిర్రున తిరిగే బీరువా. బరువు దాదాపు ఒక టన్ను. ఇంతా చేసి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు, నేటి లెక్కలో 3.75 మెగాబైట్లు. పైన చెప్పిన 3 గ్రాముల బుడత సరుకంతా దాచాలంటే ఇలాంటి బీరువాలు 68 వేలకు పైగా కావాలి.

పెన్‌డ్రైవ్ లోపలి మెమరీకి తండ్రి ఒక్కడే, ఫ్యూజియో మసువోక. తోషిబా కంపెనీ ఇంజనీరు. కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీని 1984లో లోకం ముందు పెట్టాడు. పెన్‌డ్రైవులన్నిటికీ ప్రాణమైన నాండ్ రకాన్ని 1987లో చూపించాడు. కెమెరా ఫ్లాష్ వెలిగినంత సేపట్లో పాత సమాచారం తుడిచిపెట్టుకు పోతుందని తోటి ఇంజనీరు ఒకాయన దానికి ఆ పేరు సూచించాడు.

ఎక్కువమంది హక్కుదారులున్న బిడ్డ మాత్రం పెన్‌డ్రైవే. ఇజ్రాయెల్‌కు చెందిన ఎం-సిస్టమ్స్ 1999 ఏప్రిల్‌లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. సింగపూర్‌లోని ట్రెక్ 2000 కంపెనీ ‘థంబ్‌డ్రైవ్’ పేరుతో 2000లో జర్మనీలోని సెబిట్ ప్రదర్శనలో పెట్టింది. చైనాలో నెటాక్ మాదే అంది. తైవాన్‌లోని ఫైసన్ కంపెనీ, దాన్ని నడిపిన మలేసియా ఇంజనీరు పువా ఖెయిన్ సెంగ్ తమ వాటా తాము అడిగారు. నాలుగు కంపెనీలు, ఒక్క బిడ్డ!

అతి చిన్న కడుపు: 8 మెగాబైట్లు. 2000 సంవత్సరం చివర్లో ఐబీఎం పేరుతో అమెరికాలో అమ్మకానికి వచ్చిన తొలి పెన్‌డ్రైవ్ సామర్థ్యం అంతే. ఇప్పటి సెల్‌ఫోన్‌తో తీసిన ఫొటోలు రెండు పడితే నిండిపోతుంది. అయినా ఆ రోజుల్లో అది గొప్పే. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు ఐదింటి సరుకును ఒక్కటే మోసింది. వంగదు, బూజు పట్టదు, అయస్కాంతం పక్కన పెట్టినా చెడదు.

అతి పెద్ద కడుపు: 2 టెరాబైట్లు. 2017 జనవరిలో కింగ్‌స్టన్ కంపెనీ ప్రకటించిన డేటాట్రావెలర్ అల్టిమేట్ జీటీ ఈ రికార్డు కొట్టింది. పదిహేడేళ్లలో 8 మెగాబైట్ల నుంచి రెండున్నర లక్షల రెట్లు! దీని సరుకును ఫ్లాపీల్లోకి దించితే 13 లక్షల 56 వేల ఫ్లాపీలు కావాలి. ఒక్కోటి 3.3 మిల్లీమీటర్ల మందం. దొంతర పెడితే దాదాపు 4,500 మీటర్లు. 20 మీటర్ల తాటిచెట్లు 220కి పైగా ఒకదాని నెత్తిన ఒకటి నిలబెట్టిన ఎత్తు. మదనపల్లె పక్కనున్న హార్స్‌లీ కొండలు మూడింటిని పేర్చినా ఆ కొసను అందుకోలేం.

ఆగకుండా మోగే రికార్డు: 22 రోజులు. ఐదు నిమిషాల ఎంపీ3 పాట దాదాపు 5 మెగాబైట్లు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో అట్లాంటివి 6,400 పడతాయి. ట్రాక్టరుకో, ఆటోకో గుచ్చి రాత్రింబవళ్లు వదిలేస్తే వేసిన పాట మళ్లీ వేయకుండా 22 రోజులు మోగుతుంది.

అతి పెద్ద పాటల మూట మన పక్కింటిదే. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య 32,000 సంకీర్తనలు రాశాడని ప్రతీతి. తెలుగు అక్షరం ఒక్కో గుర్తుకూ కంప్యూటర్‌లో 3 బైట్లు తింటుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక్కటి చాలు. కీర్తనకు వెయ్యి గుర్తులు వేసుకుంటే 32,000 కీర్తనలకు 96 మెగాబైట్లు. తొలి 8 మెగాబైట్ల పెన్‌డ్రైవులు 12 కావాలి. ఇప్పటి 64 జీబీ దాంట్లో ఆ మొత్తాన్నీ 660 సార్లకు పైగా నింపుకోవచ్చు. ఒక మహానుభావుడి నిండు జీవితం చొక్కా జేబులో అట్టడుగున పడి ఉంటుంది. ఈ లెక్క వేసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అతి పెద్ద తెలుగు విజ్ఞానసర్వస్వమూ జేబులోకే వచ్చింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలు ఉన్నాయి. నెట్ లేని బడిలో కూడా దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి తెరిచి చదువుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

ఇంటర్నెట్‌కు బదులుగా నడిచిన అతి పెద్ద ‘నెట్’ క్యూబాది. ‘ఎల్ పాకెతె సెమనాల్’ అంటారు, వారం వారం వచ్చే మూట. సినిమాలు, సీరియళ్లు, వార్తలు, యాప్‌లు అన్నీ కలిపి వారానికి ఒక టెరాబైటు దాకా. చేతి నుంచి చేతికి, హార్డ్‌డిస్క్ నుంచి పెన్‌డ్రైవ్‌కు, ఊరి నుంచి ఊరికి.

వేగంలో చిరుతలు, నత్తలు

అతి నిదానం: యూఎస్‌బీ 1.1. 1998 నాటి మాట. సెకనుకు 12 మెగాబిట్లు. నాలుగు జీబీల పెండ్లి వీడియోకు తక్కువలో తక్కువ 44 నిమిషాలు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం 480 మెగాబిట్లు, అంటే 40 రెట్లు. 2008లో వచ్చిన 3.0 వేగం 5,000 మెగాబిట్లు. అదే వీడియో కాగితం మీది లెక్కన పది సెకన్లలోపే దాటిపోతుంది. కంప్యూటర్ సందులోకి తొంగి చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. లోపలి ప్లాస్టిక్ నాలుక నల్లగా ఉంటే చాలావరకు 2.0, నీలంగా ఉంటే 3.0. నీలి నాలుక పెన్‌డ్రైవ్‌ను నల్ల నాలుక సందులో పెడితే పని జరుగుతుంది, వేగం మాత్రం నల్లదానిదే.

మహా చురుకైనది: కింగ్‌స్టన్ డేటాట్రావెలర్ మాక్స్, 2021. చదవడం సెకనుకు 1,000 మెగాబైట్లు, రాయడం 900. ఇక చవక పెన్‌డ్రైవులు రాసే వేగం సెకనుకు 5 నుంచి 10 మెగాబైట్ల దగ్గర ఈదులాడుతుంటుంది. అంటే వంద రెట్లు తేడా! డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేది చదివే వేగం. రాసే వేగం చాలా కంపెనీలు వేయవు. పెండ్లి స్టూడియోలో గంటసేపు కూర్చోబెట్టేది ఆ వేయని అంకే.

అతి వేగంగా ఎగిరిన మెమరీ: దక్షిణాఫ్రికా పావురం విన్‌స్టన్‌ది. 2009 సెప్టెంబరులో 4 జీబీ మెమరీ కార్డును కాలికి కట్టి వదిలారు. అదే సమయంలో నెట్‌లో అదే సమాచారం పంపడం మొదలుపెట్టారు. పావురం గంటా ఎనిమిది నిమిషాల్లో వాలింది. కార్డు తీసి కంప్యూటర్‌లోకి దించుకోవడంతో కలిపి 2 గంటల 6 నిమిషాల 57 సెకన్లు. అప్పటికి నెట్‌లో దాటింది 4 శాతం!

విన్‌స్టన్‌కు సరిజోడు మన రాయచోటిలోనూ ఉంది. ఈ చుట్టుపక్కల మండలాల నుంచి కువైట్ పోయినవాళ్లు లేని వీధి అరుదు. లీవు అయిపోయి తిరిగిపోయే మనిషి జేబులో ఒక టెరాబైటు పెన్‌డ్రైవ్ ఉందనుకుందాం. ఇంటి గడప నుంచి కువైట్ రూముకు ఒక రోజంతా పట్టినా సగటు వేగం సెకనుకు 92 మెగాబిట్లు. అట్లాంటివి పది పెట్టుకుంటే 920 దాటుతుంది. సిగ్నల్ అక్కర్లేదు, డేటా ప్యాక్ అక్కర్లేదు. పెండ్లికొడుకు, పెండ్లికూతురు పేర్లు చెక్కిన చెక్కపెట్టెలో స్టూడియోవాళ్లు ఇచ్చే పెన్‌డ్రైవ్ బట్టల మధ్యన విమానం ఎక్కుతుంది. అన్న పెండ్లికి రాలేకపోయిన తమ్ముడు అక్కడ టీవీకి గుచ్చి మూడు గంటలు కదలకుండా చూస్తాడు. ఇంత దూరాన్ని ఇంత చవగ్గా దగ్గర చేసిన వస్తువు ఇంకొకటి నాకు తోచదు.

టీవీ దగ్గర అడ్డు తగిలే అంకె: 4,294,967,295. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఒక్క ఫైలు ఇన్ని బైట్లు దాటకూడదు. 64 జీబీ ఖాళీగా ఉన్నా 5 జీబీ వీడియో ఎక్కనంటుంది. ‘స్థలం లేదు’ అని మెసేజ్ వస్తే పెన్‌డ్రైవ్ పోయిందని బెంగపడతారు. పోయిందేమీ లేదు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చి ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. అయితే పాత కార్ల స్టీరియోలు, పాత టీవీలు చాలా వాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. పంపేముందు అవతలి టీవీ ఏ కాలందో కనుక్కోవాలి.

కొన్న రోజే కనిపించే తరుగు: 16 జీబీలో 14.9. ఇది మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. మూడుసార్లు హెచ్చవేసేసరికి నూటికి ఏడు వంతుల తేడా వస్తుంది.

గట్టితనంలో గండరగండలు

అతి మొండి ఘటం న్యూజిలాండ్‌ది. 2017 నవంబరులో అక్కడి ఒరెటి బీచ్‌లో చిరుతసీల్ అనే సముద్రజంతువు పెంట నమూనా ఒకటి సేకరించి పరిశోధకుల కోసం ఫ్రీజరులో పెట్టారు. ఏడాది దాటాక తీసి కరిగించి చూస్తే లోపల ఒక పెన్‌డ్రైవ్! సీల్ కడుపులో ప్రయాణించి, పెంటలో పడి, ఏడాదికి పైగా గడ్డకట్టి ఉంది. ఆరబెట్టి కంప్యూటర్‌కు పెడితే నిక్షేపంగా తెరుచుకుంది. సముద్రసింహాల ఫొటోలు, వీడియో కనబడ్డాయి. 2019 ఫిబ్రవరిలో ఈ సంగతి లోకానికి చెప్పి, పోగొట్టుకున్నవాళ్లను వెతికారు.

ఈ మొండితనానికి కారణం లోపల కదిలే ముక్క ఒక్కటీ లేకపోవడం. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు, 7,200 సార్లు తిరుగుతుంది. కింద పడితే సూది గీరుకుంటుంది. పెన్‌డ్రైవ్ మిద్దె మీది నుంచి పడినా లోపలి చిప్‌కు పెద్దగా తెలియదు. జేబులో మరిచిపోయి వాషింగ్ మెషీన్‌లో ఉతికినవి కూడా చాలావరకు బతుకుతాయి. తడి మీద గుచ్చితేనే ప్రమాదం. రెండు మూడు రోజులు బాగా ఆరనివ్వాలి.

అతి బలహీనమైన చోటు మెడ. కంప్యూటర్ ముందుభాగంలో గుచ్చిన పొడుగాటి పెన్‌డ్రైవ్‌కు మోకాలు తగిలితే లోహపు మూతి పలక నుంచి ఊడుతుంది. పొట్టివాటికి ఈ గండం తప్పింది. వాటికి ఇంకో గండం ఉంది: చాలావాటిలో మెమరీ, కంట్రోలరు కలిపి ఒకే చిప్పుగా పోతపోస్తారు. అది దెబ్బతింటే రికవరీ చేసేవాళ్లకు విడదీసి చదవడానికి చిప్ దొరకదు, పని చాలా కష్టమవుతుంది.

మూతికి ఆయుష్షు: 1,500 సార్లు. మామూలు దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ-ఏ మూతిని కనీసం ఇన్నిసార్లు గుచ్చి పీకినా పనిచేయాలని ప్రమాణం. టైప్-సీకి 10,000 సార్లు. ఇంట్లో వాడేవాళ్లకు 1,500 ఏళ్ల తరబడి సరిపోతుంది. బస్టాండు పక్క జిరాక్స్ షాపు సంగతి వేరు. రోజుకు 50 మంది పెన్‌డ్రైవులు తెచ్చారనుకున్నా నెలకే 1,500! అందుకే షాపువాళ్లు సీపీయూకు నేరుగా గుచ్చనివ్వరు. అడుగున్నర ఎక్స్‌టెన్షన్ వైరు టేబుల్ మీదికి లాగి పెడతారు. అరిగేది ఆ వైరు మూతి. వెండిరంగు పోయి లోపలి ఇత్తడి రంగు తేలి, గుచ్చినది లూజుగా ఊగుతుంటే వైరు మారుస్తారు. మదర్‌బోర్డు బతికిపోతుంది. ప్రమాణాలు రాసినవాళ్లు చదువుకోవాల్సిన తెలివి అది.

అతి చిన్న ముందుచూపు మిల్లీమీటరు పొడవుంది. యూఎస్‌బీ-ఏ మూతిలోని నాలుగు రేకుల్లో అటు చివర, ఇటు చివర రేకులు పొడుగు, నడిమి రెండూ పొట్టి. పొడుగువి కరెంటువి. ముందు కరెంటు అందాలి, తర్వాతే సమాచారం కదలాలి. పీకేటప్పుడు ముందు సమాచారం తెగాలి, చివర కరెంటు పోవాలి. పాత పెన్‌డ్రైవ్ ఉంటే వెలుతురులో పట్టుకుని చూడండి, కంటికే తెలుస్తుంది.

అతి ఎక్కువ చిరాకు: తిరగేసి గుచ్చడం. యూఎస్‌బీని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు అజయ్ భట్, బరోడాలో చదివిన మనవాడు. 1996 జనవరిలో తొలి ప్రమాణం వచ్చింది. రెండువైపులా ఎక్కే మూతి చేస్తే తీగలు, సర్క్యూట్లు రెట్టింపై ఖర్చు పెరుగుతుందని ఒకవైపు మూతితో సరిపెట్టారు. ఆ చిరాకు తీరడానికి 2014లో 24 పిన్నుల టైప్-సీ వచ్చేదాకా, 18 ఏళ్లు పట్టింది.

అరుగుదలలో అంకెలు

చిప్‌లో సమాచారం దాచే గదుల్లో ఎక్కువసార్లు రాయించుకునేది ఎస్‌ఎల్‌సీ రకం: లక్ష సార్ల దాకా. ఎంఎల్‌సీ 3,000 నుంచి 10,000. టీఎల్‌సీ 1,000 నుంచి 3,000. క్యూఎల్‌సీ వెయ్యి, అంతకన్నా తక్కువ. లక్ష నుంచి వెయ్యికి ఎందుకు పడిపోయింది? ఇరుకు వల్ల. ఎస్‌ఎల్‌సీ గదిలో ఒక్క బిట్ కాపురం. ఛార్జి ఉందా, లేదా అన్నది తెలిస్తే చాలు. క్యూఎల్‌సీలో అదే గదిలో నాలుగు బిట్లు. ఛార్జిని 16 మెట్లుగా కొలవాలి. ఒక్క మెట్టు జారినా అక్షరం మారిపోతుంది. చవగ్గా ఎక్కువ జీబీలు దొరకడానికి మనం చెల్లిస్తున్న ధర ఇదే.

అతి పలుచని గోడ: దాదాపు 8 నానోమీటర్లు. గదిలో ఎలక్ట్రాన్లను బంధించేది ఈ ఆక్సైడ్ పొర. రాసిన ప్రతిసారీ, చెరిపిన ప్రతిసారీ ఎక్కువ వోల్టేజీ పెట్టి ఎలక్ట్రాన్లను దాని గుండా తోస్తారు. గోడ బీటలు వారుతుంది. చదవడం వల్ల అరుగుదల చాలా తక్కువ. అందుకే ఏళ్ల తరబడి పాటలు మోగించే పెన్‌డ్రైవ్ కన్నా, సీసీ కెమెరాకు పెట్టి రాత్రీపగలూ చెరిపి రాసేది ముందు చస్తుంది.

మంచి పెన్‌డ్రైవ్‌లో పెట్టి మరిచిపోయిన సమాచారానికి పదేళ్లు అని మామూలుగా చెప్పే మాట. కొత్త చిప్పుకు, చల్లటి చోటుకు అది సరే. వేడి ఎలక్ట్రాన్లను ఉసిగొల్పుతుంది, గోడ దాటి జారిపోతాయి. ఇళ్లలో వాడే, ఇలాంటి చిప్పులతోనే చేసిన ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ సంస్థ పెట్టిన ప్రమాణం చూడండి: పూర్తిగా అరిగాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక సంవత్సరం నిలవాలి. సర్వర్ల డ్రైవులకు 40 డిగ్రీల దగ్గర అడిగింది 3 నెలలే. పెన్‌డ్రైవుల్లో అంతకన్నా నాసి చిప్పులు పడడం మామూలు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఒక వార్తే కాదు.

అతి వేడి చోటు మళ్లీ కువైటే. 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఆసియాలోనే అత్యధికమని ఖాయం చేసింది. మామూలు పెన్‌డ్రైవ్ పనిచేసే హద్దు 60 డిగ్రీలు. మధ్యన ఉన్నది ఆరు డిగ్రీలు! ఎండలో అద్దాలు మూసిన కారు లోపల ఆ ఆరూ ఎప్పుడో దాటిపోతాయి. కాబట్టి పాటల పెన్‌డ్రైవ్ కారులో ఉంటే ఉండనీ, పాపాయి మొదటి పుట్టినరోజు వీడియో ఉన్నది మాత్రం అక్కడ వదలకూడదు.

నష్టాల్లో ఛాంపియన్లు

ఖరీదైన మరుపు: 7,002 బిట్‌కాయిన్లు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక ప్రోగ్రామర్ వాటి తాళంచెవిని ఐరన్‌కీ అనే గట్టి రక్షణ పెన్‌డ్రైవ్‌లో దాచాడు. పాస్‌వర్డ్ రాసిన కాగితం పోయింది. పదిసార్లు తప్పు కొడితే సమాచారం శాశ్వతంగా మూతపడుతుంది. 2021 జనవరిలో లోకానికి తెలిసేనాటికి ఎనిమిది అయిపోయాయి. అప్పటి విలువ 20 కోట్ల డాలర్ల పైమాటే.

పెద్ద ఊరిని పోగొట్టిన పెన్‌డ్రైవ్: జపాన్‌లోని అమగసాకి, 2022 జూన్. ఊళ్లోని 4 లక్షల 60 వేల మంది పేర్లు, చిరునామాలు, పుట్టినతేదీలు అందులో ఉన్నాయి. కాంట్రాక్టు ఉద్యోగి ఒకరు తాగి రోడ్డు పక్కన నిద్రపోయి లేచేసరికి బ్యాగు లేదు. పాస్‌వర్డ్ ఉండబట్టి సరిపోయింది. కొన్నాళ్లకు బ్యాగు దొరికింది.

పెద్ద చిచ్చు 2008లో అమెరికా సైన్యంలో రేగింది. మధ్యప్రాచ్యంలోని ఒక స్థావరంలో గుచ్చిన ఒక్క పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ పాకింది. ఊడ్చి పారేయడానికి దాదాపు 14 నెలలు పట్టింది. ఆ ఏడాది నవంబరులో పెన్‌డ్రైవులనే నిషేధించారు. రెండేళ్లకు, 2010లో, ఇరాన్ నతాంజ్ అణుకేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ వైరస్ బయటపడింది. నెట్‌తో సంబంధమే లేని యంత్రాలు అవి. పెన్‌డ్రైవ్ గడప దాటించింది.

అతి వేగంగా బోల్తా పడిన మనిషి: 6 నిమిషాలు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవులను క్యాంపస్‌లో అక్కడక్కడా పడేశారు. 98 శాతం మాయం. 45 శాతంలో ఫైళ్లు తెరిచి చూశారు. మొదటిది గుచ్చడానికి ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను గుచ్చకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. యూఎస్‌బీ కిల్లర్ అనే వస్తువు చూడడానికి అచ్చం పెన్‌డ్రైవే. 5 వోల్టులు పీల్చుకుని 200 వోల్టులకు పైగా తిరిగి వదులుతుంది. కంప్యూటర్ బూడిదే.

అతి పెద్ద అబద్ధం: కొన్ని వందల రూపాయలకు 2 టీబీ. లోపల ఉండేది 16 జీబీయో, 32 జీబీయో. కంట్రోలర్‌కు 2 టీబీ అని చెప్పమని నేర్పుతారు. ఫైళ్ల పేర్లు వరుసగా కనబడుతూనే ఉంటాయి. తెరిస్తే ఖాళీ. అసలు సామర్థ్యం నిండాక ఎక్కినవన్నీ గాలిలో కలిసినట్టే. పట్టుకునే ఉపాయం ఒక్కటే: కొన్న రోజే గొంతుదాకా నింపి, తిరిగి చదివించడం. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పనే చేస్తాయి.

ఆయుష్షులో అసలు వీరులు

ఇప్పుడు మన గడ్డ రికార్డులు. పెన్‌డ్రైవ్‌కు పదేళ్లు వేసుకుందాం.

తెలుగువాక్యానికి అతి పాత నిల్వ కలమళ్ల శాసనం. కడప జిల్లా ఎర్రగుంట్ల పక్కన. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలంది, సుమారు క్రీ.శ. 575. వయసు 1,450 ఏళ్లు. అంటే 145 పెన్‌డ్రైవుల ఆయుష్షు! కొద్ది పంక్తులే, అరిగాయి కూడా. కరెంటు అడగలేదు, ఫార్మాట్ అడగలేదు. ఎండకు, వానకు నిలబడింది.

దాన్నీ మించింది కర్నూలు జిల్లా ఎర్రగుడి, గుత్తి పక్కన. బండల మీద అశోకుడి శాసనాలు, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం. దాదాపు 2,270 ఏళ్లు, 227 పెన్‌డ్రైవులు. అక్కడ ఒక శాసనంలో ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, మరో పంక్తి కుడి నుంచి ఎడమకు, మడక దున్నినట్టు రాశారు. రాసిన పద్ధతి వింతగా ఉన్నా, లిపి మరుపున పడి ఉండినా, మనిషి కన్నుంటే చాలు, మళ్లీ చదవగలిగారు. పెన్‌డ్రైవ్‌కు కన్ను చాలదు. దానికి సరిపోయే సందు, సాఫ్ట్‌వేర్ రెండూ బతికి ఉండాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి ఆ దీర్ఘచతురస్రపు సందే లేదు.

సామర్థ్యం, ఆయుష్షు రెండూ కలిసిన ఛాంపియన్ నా లెక్కన తాళ్లపాక రాగిరేకులే. రాయి నిలుస్తుంది, ఎక్కువ పట్టదు. పెన్‌డ్రైవ్ పడుతుంది, నిలవదు. రాగిరేకు రెండూ చేసింది. అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. ఆయన కీర్తనలు, ఆ ఇంటివాళ్ల కీర్తనలు రేకులకెక్కి తిరుమల గుడిలోని సంకీర్తన భండారంలో చేరాయి. శతాబ్దాలు చీకట్లో ఉండి 1922 ప్రాంతంలో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. అన్నమయ్యవి దొరికినవి దాదాపు 14,000. మన వెయ్యి గుర్తుల లెక్కన 42 మెగాబైట్లు. మిగతా 18,000 ఏమయ్యాయో!  రెండో ప్రతిగా ఇంకో చోట ఒక వరుస రేకులు ఉండి ఉంటే అవీ ఈరోజు మన నోళ్లలో ఆడుతుండేవేమో.

రెండో ప్రతి విలువ తెలిసిన అతి గొప్ప మనిషి కడపలో కాపురమున్నాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఒకే కావ్యానికి అనేక ఊళ్ల నుంచి ప్రతులు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, చెదలు తిన్న పద్యాన్ని ఇంకో ప్రతిలోంచి నింపించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే ఈ పనివల్లే. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో బ్రౌన్ పేరిట గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. కంప్యూటర్‌వాళ్లు బ్యాకప్ అనే పనిని ఆయన ఘంటంతో, సిరాతో చేయించాడు.

ఆ పనికి నేటి సూత్రం అతి పొట్టిది, మూడంకెలే: 3, 2, 1. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్లో. రాయచోటివాళ్లకు ఇది అందరికన్నా సులువు. ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో, ఒకటి బీరువాలో పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కువైట్‌లోని కొడుకు దగ్గర. బీరువా కిటికీ పక్కన, ఎండ పడే గోడకు ఆనుకుని ఉండకూడదు. ఏడాదికొకసారి బయటికి తీయాలి. ఉత్తగా గుచ్చి పీకితే జారిన ఛార్జి నిండుతుందన్న నమ్మకం లేదు. ఫైళ్లు తెరిచి చూసి, కంప్యూటర్‌లోకి దించి, పెన్‌డ్రైవ్‌ను ఖాళీ చేసి, కొత్తగా ఎక్కించాలి. నీలి నాలుక సందులో సెకనుకు 100 మెగాబైట్లు చదివే పెన్‌డ్రైవ్ అయితే 64 జీబీ దించుకోవడానికి పట్టేది 10 నిమిషాల 40 సెకన్లు.